పాత కారుకు కొత్త స్ప్రింగులు

గతుకుల బాటలో ఎడ్లబండి మీద వెళ్తే ఒళ్ళు హూనమవుతుంది. అదే బాటలో కారు కాస్త ఊగి ఊరుకుంటుంది. ఎందుచేత? బండిలో కుదుపు ఇరుసు నుంచి నేరుగా మనకు చేరుతుంది. కారులో చక్రాలకూ, మనం కూర్చునే భాగానికీ నడుమ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. ఈ ఏర్పాటునే సస్పెన్షన్ అంటారు.

దీని వల్ల ప్రయాణం సుఖంగా సాగుతుందని అందరికీ తెలుసు. కాని అంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది. బ్రేకు వేసినప్పుడు కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. గాలిలోకి ఎగిరిన చక్రానికి ఘర్షణ ఎక్కడిది? చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచేది సస్పెన్షనే. కాబట్టి అరిగిన భాగాలకు బదులు ఎటువంటివి వేస్తున్నామన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

మారుతి 800 కారునే తీసుకోండి. 1983లో మొదలైన దాని తయారీ 2014లో ఆగిపోయింది. ఇటువంటి పాత కారుకు విడిభాగాలు కొనబోతే రకరకాలవి ఎదురవుతాయి. కొన్ని పేరున్న కంపెనీలవి, కొన్ని వాటికి నకళ్ళు, కొన్ని ఏళ్ళ తరబడి అటక మీద ఉన్నవి, మరికొన్ని పాడైన కార్ల నుంచి ఊడదీసినవి. రంగు పూస్తే అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. మరి ఎలా ఎంచుకోవాలి?

మొదట స్ప్రింగు సంగతి చూద్దాం. స్ప్రింగు మీద బరువు ఎంత పెంచితే, అదే నిష్పత్తిలో అది కుంగుతుంది. ఇది రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం. మరి ఎంత బరువుకు ఎంత కుంగాలి? అది చాలావరకు తీగ మందం మీద ఆధారపడుతుంది. చుట్ట స్ప్రింగు బిగువు, తీగ వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. చిన్న లెక్క చేద్దాం. ఒక తీగ వ్యాసం 10 మి.మీ., మరొకదానిది 9 మి.మీ. అనుకోండి. చుట్ల సంఖ్య, చుట్ల వెడల్పు, ఉక్కు రకం రెండింటికీ ఒకటే.

10 × 10 × 10 × 10 = 10,000
9 × 9 × 9 × 9 = 6,561

మందం పదో వంతు తగ్గితే బిగువు మూడో వంతుకు పైగా తగ్గిపోయింది! కంటికి ఆనని తేడా కారును కుంగదీస్తుంది. అందుకే స్ప్రింగును చూపు మీద కాక, ఆ కారు నమూనాకు కేటాయించిన పార్ట్ నంబరును బట్టి కొనాలి.

స్ప్రింగు ఒక్కటే ఉంటే కారు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలోని పిస్టన్, నూనెను సన్నని రంధ్రాల గుండా నెడుతుంది. ఊపులోని శక్తి ఉష్ణంగా మారిపోతుంది. కొనేటప్పుడు దాని కడ్డీని చూడండి. అద్దంలా నున్నగా ఉండాలి. గీతలుంటే అవి సీలును కోసేస్తాయి. నూనె కారిపోయిన అబ్జార్బరు ఉన్నా లేనట్టే.

ఇక రబ్బరు బుష్‌లు. వాడకుండా దాచినా రబ్బరు ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని గట్టిపరచి పగులగొడతాయి. అందుచేత తయారైన తేదీ చూడకుండా పాత నిల్వ సరుకు కొనరాదు.

మరో నియమం. స్ప్రింగులనూ, అబ్జార్బర్లనూ ఎడమకూ కుడికీ జతగా మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు నీరసించినది ఉంటే, గతుకుల్లో బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగవచ్చు.

మీరు ఒక పరీక్ష చేయవచ్చు. పెద్దవాళ్ళను తోడు పెట్టుకుని, చదునైన చోట నిలిపిన కారును ఒక మూల గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి కుదురుకుంటే సరే. మళ్ళీ మళ్ళీ ఊగితే అబ్జార్బరును మెకానిక్‌కు చూపించాలి. కుదురుకున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. నూనె మరకలు, రబ్బరు పగుళ్ళు కూడా వెదకాలి. స్ప్రింగును మాత్రం మీరు విప్పబోకండి. అణిగి ఉన్న స్ప్రింగులో దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడితే ఎముకలు విరుగుతాయి. దానికి తగిన పనిముట్టు మెకానిక్ దగ్గర ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా విడిభాగం కొనబోతే, ధరకన్నా ముందు పార్ట్ నంబరు, తయారీ తేదీ అడగమనండి. బిల్లు కూడా తీసుకోమనండి.