ఎమ్యులేటర్ రాసినవాళ్లు మానేస్తే?

పీఎస్‌పీ అనే చేతి గేమ్ పరికరం కోసం చేసిన గేమ్ మీ ఫోన్‌లో నేరుగా నడవదు. పీఎస్‌పీది మిప్స్ ప్రాసెసర్, ఫోన్‌లది ఎక్కువగా ఆర్మ్. ఒకదాని ఆదేశాలను రెండోదానికి తెలిసేలా అప్పటికప్పుడు మార్చే ప్రోగ్రామే ఎమ్యులేటర్. 2012లో వచ్చిన పీఎస్‌పీ ఎమ్యులేటర్ పీపీఎస్‌ఎస్‌పీపీ ఓపెన్ సోర్స్. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే సరిదిద్ది పంపవచ్చు.

ప్లేస్టేషన్ 2 గేమ్‌లను ఆండ్రాయిడ్‌లో ఆడించిన ఈథర్‌ఎస్‌ఎక్స్2 కథ వేరు. దాని పునాది పీసీఎస్‌ఎక్స్2 అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టే, కానీ యాప్ కోడ్ పూర్తిగా బయటపెట్టలేదు. బెదిరింపులతో విసిగి 2023లో డెవలపర్ పని ఆపేశారు. కోడ్ చేతిలో లేని అభిమానులు తయారైన యాప్‌కే అతుకులు వేసుకోవాల్సి వచ్చింది.

మరి కోడ్ ఎందుకు దాస్తారు? ఉచిత కోడ్‌ను ఎత్తుకెళ్లి, ప్రకటనలు తగిలించి సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు కదా! ఆ భయం ఉత్తది కాదు.