ఓడను మోయు బండి

ఓడలు బండ్లగునని సామెత. భాగ్యపు తారుమారును గూర్చి పెద్దలన్న యీ మాట కడలియొడ్డున అక్షరాల నిజమగును. నీటిపై తేలికగా సాగిన నావయే ఇసుకపై బరువగును. దానిని గట్టెక్కించుటకు బండి కావలెను.

తమిళమున ‘కట్టుమరం’ అనగా కట్టిన మ్రాను. మన జాలరుల తెప్ప వంటిదే అది. ఒడ్డు చేరిన పిమ్మట త్రాళ్లు విప్పి, దుంగలను విడివిడిగా మోసికొని పోవచ్చును. ఆ మాటయే ఇంగ్లీషున ‘కాటమరాన్’ అయి, రెండు సన్నని పడవలను అడ్డుకమ్ములతో జతపరచిన నావకును పేరైనది. కాలిఫోర్నియా వాసి హోబీ ఆల్టర్ పేరిట ప్రసిద్ధికెక్కిన ‘హోబీ 16’ అట్టిదే. దాని బరువు సుమారు 145 కిలోలు. దినదినము విప్పి మోయుట కుదరదు; ఈడ్చినచో అడుగు అరుగును; ఎత్తబోయినచో నడుము పట్టును.

అందుచే ఔత్సాహికులు ఇంటనే బండి కట్టుకొందురు. తుప్పుపట్టని గొట్టము ఇరుసు. దానికి రెండు చక్రములు. పడవల అడుగులు ఆనుటకు పాత తివాచీ చుట్టిన రెండు ఆనికలు. పని యింతియే. కాని రెండు విషయములు తెలిసియుండవలెను.

మొదటిది తూకము. ఇరుసు నావ గురుత్వకేంద్రమునకు 10 సెంటీమీటర్లు వెనుకను, పట్టిన చేయి ఇరుసునకు రెండున్నర మీటర్లు ముందును ఉన్నవనుకొనుడు. చేతిపై పడు బరువు ఆరు కిలోలకు మించదు! మిగిలినది చక్రములే మోయును. బడిలో బోధించు మీట సూత్రమే యిది.

రెండవది చక్రము. ఒక్కొక్కదానిపై సుమారు 70 కిలోలు పడును. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలైనచో, అది నేలను తాకు మేర రమారమి 35 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడిని పదవవంతునకు తగ్గింపగల లావుపాటి మెత్తని చక్రమైనచో, ఆ మేర పదింతలగును. సన్నని సైకిలు చక్రము ఇసుకలో దిగబడుటకును, ఉబ్బు చక్రము పైపైన దొరలుటకును కారణమిదియే.

ఉప్పునీట తడిసిన ఇరుసును మంచినీట కడుగుట మాత్రము మరువరాదు.

బండి లేనివాడు గాలి అనుకూలించిన నాడును నలుగురి సాయమునకై ఒడ్డున కూర్చుండవలెను. బండి గలవాడు తనంత తాను కడలికేగి, తనంత తాను మరలివచ్చును. విద్యార్థులారా, పుస్తకములోని సూత్రము మనుజునికి ఒసగు స్వాతంత్ర్యము ఇట్టిది.