రోకటిపోటులోని శాస్త్రము



రోట తలదూర్చినవారు రోకటిపోటునకు వెరవరాదని మన సామెత. ఆ పోటు మనకు చిరపరిచితమే; అందలి శాస్త్రము మాత్రము పరుల సొత్తని తలచుచున్నాము. భౌతికశాస్త్రము మగపిల్లల చదువనియు, బాలికలకది కొరుకుడుపడదనియు పలుకువారు నేటికిని లేకపోలేదు. ఆ మాట విని వెనుకాడు బాలికలును గలరు. రోలు, రోకలి, బావి, గిలక, కవ్వము ఎరిగినవారికి చలనశాస్త్రము పరాయిది కానేరదని మా యభిప్రాయము. చేతికి తెలిసినదానికి పేరిడుటయే మిగిలిన పని. అట్టి పేళ్లలో ముఖ్యమైన నాలుగింటిని ముచ్చటింపబూనితిమి.

మొదటిది జడత్వము. నిలిచియున్న వస్తువు నిలిచియే యుండును. కదలుచున్నది అదే వేగముతో తిన్నగా సాగిపోవును. వెలుపలి బలము తగిలినగాని తన స్థితిని మార్చుకొనదు. న్యూటను మహాశయుడు 1687లో ప్రకటించిన ప్రిన్సిపియా గ్రంథమున ఇదియే మొదటి సూత్రము. దుప్పటిని విదిలించునపుడు బట్ట చేతివెంట కదలును, ధూళి యున్నచోటనే నిలువజూచును, కావుననే విడివడును. కదలుచున్న బస్సునుండి దిగబోవువారు ముందునకు తూలిపడుటకును కారణమిదియే. పాదములు నేలనంటి నిలిచినవి. మేనింకను బస్సు వేగముతోనే పోవుచున్నది. బండి ఆగువరకు దిగరాదని పిల్లలకు చెప్పునపుడు ఈ కారణమును గూడ చెప్పినచో ఆ మాట మనసున నాటుకొనును.

రెండవది బలము. ఖాళీ ఉయ్యాలతొట్టి చిన్న త్రోపునకే చప్పున కదలును. బిడ్డ పండుకొన్నపుడు అదే త్రోపునకు మెల్లగా కదలును. ద్రవ్యరాశి హెచ్చినకొలది, ఒకే బలము కలిగించు వేగపుమార్పు తగ్గును. క్షణక్షణమునకు కలుగు ఆ మార్పునకు త్వరణమని పేరు. ద్రవ్యరాశిని త్వరణముచే గుణింపగా వచ్చునదే బలము.

మూడవది పని. బలమును, ఆ బలపు దిశలో వస్తువు కదలిన దూరమును గుణింపగా వచ్చునదే శాస్త్రము చెప్పు పని. 10 కిలోల నీళ్లచేదను 12 మీటర్ల లోతునుండి తోడుటకు సుమారు 98 న్యూటనుల బలము, 1,176 జౌళ్ల పని కావలయును. గిలక ఈ బలమును తగ్గింపదు. దిశను మాత్రము మార్చి, పైకి లాగవలసినదానిని క్రిందికి లాగనిచ్చును. అపుడు మన మేని బరువే మనకు తోడగును.

ఇచట నొక హెచ్చరిక. నిండుబిందెను చంకనిడుకొని సమతలమున మైలుదూరము నడచినను, మోసిన బలము బిందెపై చేసిన పని సున్నయని శాస్త్రము చెప్పును. ఏలన, బలము పైకి, నడక అడ్డముగా. దీనిని విని ఇల్లాండ్ర శ్రమయే సున్నయని పరిహసించువారికి సమాధానమిది: బిందెను నిలిపి పట్టుటకు కండరముల తంతువులు ఎడతెగక ముడుచుకొని సడలుచుండును, అందుకై తిన్న యన్నము వ్యయమగుచునే యుండును. ఆ సున్న బిందెకు వేసిన లెక్క. మోసిన దేహమునకు వేసినది కాదు.

నాలుగవది శక్తి. రోకలి నెత్తుటలో మనము చేసిన పని దానియందు స్థితిజశక్తియై నిలుచును. పడునపుడదియే గతిజశక్తిగా మారి ధాన్యమును దంచును. నాలుగింతల ఎత్తునుండి జారవిడిచిన రోకలి వేగము రెండింతలే యగును. శక్తి మాత్రము నాలుగింతలు. అనగా శక్తి వేగవర్గమును బట్టి పెరుగును.

18వ శతాబ్దమున నిది పెద్ద వివాదము. కదలు వస్తువు బలిమిని కొలుచుటకు ద్రవ్యరాశిని వేగముచే గుణింపవలయునని కొందరు, వేగవర్గముచే గుణింపవలయునని లైబ్నిట్జ్ పక్షమువారు వాదులాడిరి. హాలండు దేశీయుడగు గ్రావెసాండ్ పండితుడు ఇత్తడిగుండ్లను బంకమట్టిపై పడవిడిచి చూడగా, వేగము రెండింతలైనపుడు గుంత నాలుగింతలైనది. ఈ ప్రయోగపు విలువను లోకమునకు చాటినవారిలో ముఖ్యురాలు ఫ్రాన్సు దేశపు ఎమిలీ దు షాత్లే. 1706లో జన్మించిన ఈమెకు కళాశాలలలో ప్రవేశము లేకుండెను. ఇంటనే గురువులయొద్ద చదివెను. కుమారునికై వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథమును 1740లో ప్రకటించి, అందు వేగవర్గ పక్షమును సమర్థించెను. పిదప ప్రిన్సిపియాను వ్యాఖ్యానసహితముగా ఫ్రెంచిలోనికి తెచ్చుటకు పూనుకొనెను. 42 ఏండ్ల వయసున గర్భవతియై, ప్రసవము గట్టెక్కుదునో లేదో యను భీతితో రేయింబవళ్లు శ్రమించి ఆ పని ముగించెను. 1749 సెప్టెంబరు 4న బిడ్డను కని, 10న కన్నుమూసెను. గ్రంథము పూర్తిగా 1759లో వెలువడెను. ద్రవ్యరాశిని వేగవర్గముచే గుణించి సగము చేసినదానికి తరువాతి పండితులు గతిజశక్తి యని పేరిడిరి. రెండవ పక్షమువారి కొలతయు వ్యర్థము కాలేదు. ద్రవ్యవేగమను పేర నిలిచియున్నది.

ఆమె సంపన్నురాలు గనుక చెల్లినదందురేమో! నేడు మన బాలికలకు బడితలుపులు తెరచియే యున్నవి. కొందరి నోట వచ్చు నిరుత్సాహపు మాటలే అడ్డుపడుచున్నవి. ఒక సెలవునాడు మీ చిన్నదానిని కూర్చుండబెట్టి, మెత్తని బంకమట్టిపై ఒక గోలీగుండును జానెడెత్తునుండి ఒకమారు, నాలుగు జానల ఎత్తునుండి వేరొకచోట ఒకమారు పడవిడువుడు. రెండు గుంతలను ఆవాలతో నింపి, గింజలు లెక్కపెట్టింపుడు. కొంత హెచ్చుతగ్గున్నను, రెండవది ఇంచుమించు నాలుగింతలు పట్టును. అది ఏలనో ఆమెనే చెప్పనిండు.