ప్యాడెల్ ఆట: ఆగడం నేర్పే గాజు గోడ

కొన్ని నెలల క్రితం దుబాయి నుండి మాకు ఒక ఫోను వచ్చింది. చేసినవారు మా పూర్వ విద్యార్థి. నిజామాబాదు జిల్లాకు చెందిన ఆయన చాలాకాలంగా అక్కడే ఉద్యోగం చేసుకుంటూ కుటుంబంతో స్థిరపడ్డారు. క్షేమ సమాచారాలు ముగిశాక కాసేపు మౌనం వహించి, "హజ్రత్! మా అబ్బాయి నాతో సరిగా మాట్లాడి పన్నెండు రోజులైంది" అన్నారు. కారణం చెప్పడానికి సంకోచించారు. చివరికి తేలిందేమంటే, తగువు చదువు గురించీ కాదు, డబ్బు గురించీ కాదు. ప్యాడెల్ అనే ఆట గురించి!

తండ్రీకొడుకులిద్దరూ ఒకే జట్టుగా ఆడేవారట. మొదటి మూడు నెలలు ఆనందంగా గడిచాయి. ఆ తర్వాత ఎంత ఆడినా ఆట మెరుగుపడలేదు. ఓడిపోయిన ప్రతిసారీ తండ్రి కుమారుని తప్పులు లెక్కపెట్టసాగారు. ఒక సాయంత్రం నలుగురి ముందూ గట్టిగా మందలించారు. పదహారేళ్ల ఆ అబ్బాయి రాకెట్టును అక్కడే వదిలి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. "మీరు చెబితే వింటాడు హజ్రత్!" అన్నది తండ్రి అభ్యర్థన.

మాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు. తెలియని విషయంలో తీర్పు చెప్పడం తగదు గనుక, ముందు ఆ అబ్బాయినే అడిగి తెలుసుకున్నాము. ఆపైన కొంత చదివాము, కొన్ని పోటీలు చూశాము. మాకు బోధపడిన సంగతులు ఈ ఆట ఆడేవారికే కాక, పిల్లలతో కలిసి ఏ విద్యనైనా నేర్చుకునే తల్లిదండ్రులందరికీ ఉపకరిస్తాయన్న భావనతో పాఠకుల ముందుంచుతున్నాము.

ఆట స్వరూపం

1969లో మెక్సికో దేశపు అకపుల్కో నగరంలో ఎన్రికే కోర్కుయెరా అనే వ్యక్తి తన ఇంటి ఆవరణలో చుట్టూ గోడలు కట్టించి ఈ ఆటను రూపొందించారు. 1974లో అది స్పెయిన్‌లోని మార్బెయాకు చేరింది; అనంతరం అర్జెంటీనాలో విస్తరించింది. 1991లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. గల్ఫ్ దేశాలలో నేడు దీనికి విశేష ఆదరణ ఉంది. ప్రపంచ పోటీలు 2021లో దోహాలో, 2022లో దుబాయిలో జరిగాయి. మన హైదరాబాదులోనూ ఈ కోర్టులు వెలిశాయి.

కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. వెనుక వైపున 3 మీటర్ల ఎత్తున గోడ, దానిపైన మరో మీటరు తీగవల ఉంటాయి. ఆ గోడ సాధారణంగా గాజుది. జట్టుకు ఇద్దరు చొప్పున నలుగురు ఆడతారు. రాకెట్టుకు తీగలల్లిక ఉండదు. అది రంధ్రాలున్న గట్టి పలక. పాయింట్ల లెక్క టెన్నిస్‌ను పోలినదే. అయితే సర్వ్ తల పైనుంచి కొట్టరాదు; బంతిని నేలకు తాకించి, నడుము ఎత్తుకు మించకుండా కొట్టాలి. అవతలి వైపు నుండి వచ్చిన బంతి ఒకసారి నేలను తాకి, పిమ్మట గోడకు తగిలి వెనక్కి వచ్చినా, అది రెండోసారి నేలను తాకేలోగా తిరిగి కొట్టవచ్చు.

సర్వ్ సులభం, కోర్టు చిన్నది, గోడ బంతిని తిరిగి ఇస్తుంది. కనుక కొత్తవారు సైతం మొదటి రోజునే ఆడగలుగుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సులభంగా లభించిన ఆరంభాన్ని చూసి మనిషి తనకు విద్య వచ్చేసిందని భ్రమిస్తాడు.

తొందరపాటుకు శిక్ష

బంతి వేగంగా తన వైపు రాగానే కొత్త ఆటగాడు భయపడి, అది గోడను చేరకముందే అడ్డుకోబోతాడు. దెబ్బ తప్పుతుంది. అనుభవజ్ఞుడు అలా చేయడు. పక్కకు తిరిగి, రెండడుగులు వెనక్కి వేసి, బంతిని తనను దాటిపోనిస్తాడు. గాజుకు తగిలిన బంతి వేగం తగ్గి, కొట్టడానికి అనువుగా తిరిగి వస్తుంది. అప్పుడు కొడతాడు. గోడకు మరీ దగ్గరగా నిలబడినవానికి చేయి ఆడే చోటు ఉండదు. అందుచేత ఈ ఆటలో చేతికన్నా ముందు పాదాలకు శిక్షణ కావాలి.

ఇందుకు శిక్షకులు చేయించే ఒక అభ్యాసం మమ్మల్ని ఆకర్షించింది. రాకెట్టు పక్కన పెట్టించి, బంతిని గోడ వైపు విసురుతారు. అది నేలను, ఆపై గాజును తాకి తిరిగి వచ్చేటప్పుడు విద్యార్థి దాన్ని ఒంటి చేత్తో పట్టుకోవాలి. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పెద్దవారు దీన్ని చిన్నతనంగా భావించి మానేస్తారు. కానీ బంతి ఎక్కడికి తిరిగి వస్తుందో, అక్కడికి ముందే ఎలా చేరాలో ఈ అభ్యాసమే పాదాలకు నేర్పుతుంది.

బలప్రదర్శనకూ ఇక్కడ శిక్ష ఉంది. అదను చూడకుండా కొట్టిన స్మాష్ అవతలి గాజుకు తగిలి, ప్రత్యర్థి ముందుకు చక్కగా వచ్చి నిలుస్తుంది. అందుకే నేర్పరులు 'బందేహా' అనే దెబ్బను సాధన చేస్తారు. స్పానిష్ భాషలో ఆ మాటకు పళ్ళెం అని అర్థం. తల పైకి వచ్చిన బంతిని బలంగా బాదకుండా, అదుపుతో కోసినట్లుగా పంపి, నెట్ దగ్గరి తమ స్థానాన్ని కాపాడుకోవడం దీని ఉద్దేశం. మెప్పు పొందే దెబ్బ కాదిది; స్థానం నిలిపే దెబ్బ.

ఆడటం వేరు, అభ్యసించడం వేరు

ఆ తండ్రీకొడుకులు వారానికి మూడు సాయంత్రాలు ఆడేవారు. "అభ్యాసం ఎన్నడు చేశారు?" అని మేము అడిగితే, "రోజూ ఆడుతూనే ఉన్నాం కదా!" అన్నారు తండ్రి. పొరపాటు అక్కడే జరిగింది. పోటీలో గోడ మూల నుండి వచ్చే కష్టమైన బంతి ఏ నాలుగైదుసార్లో ఎదురవుతుంది. అప్పుడు కూడా గెలుపు ఆరాటంలో పాత అలవాటు చొప్పునే కొడతాము. అభ్యాసంలోనైతే అదే బంతిని యాభైసార్లు ఎదుర్కొని అలవాటును దిద్దుకోవచ్చు. ఆట మాత్రమే ఆడేవాడు తన తప్పులను కూడా దృఢపరచుకుంటాడు.

ఖురాన్ కంఠస్థం చేసే పిల్లలకు మేము రోజూ మూడు పాఠాలు వింటాము: కొత్త పాఠమైన సబఖ్, ఇటీవలి పాఠమైన సబ్ఖీ, పాత పాఠమైన మంజిల్. కొత్త పాఠం మీద మోజు ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. వెనుకబడేది పాతదాన్ని వల్లెవేయడానికి విసుగుపడేవాడే. ఆటను దీనితో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. అయితే నేర్చుకునే పద్ధతి ఏ విద్యకైనా ఒక్కటే. అద్దెకు తీసుకున్న గంటలో కొన్ని నిమిషాలు కీళ్లను, కండరాలను వేడెక్కించడానికి, ఇరవై నిమిషాలు ఏదో ఒకే దెబ్బ సాధనకు కేటాయించి, మిగిలిన సమయం ఆడితే చాలు. ఒక దెబ్బ కుదురుకునే దాకా మరొకదానికి పోరాదు. వేడెక్కించుకోకుండా దిగేవారికి మోచేతి నొప్పి, మడమ బెణుకు తప్పవు. అప్పుడు నెలల కృషి మూలన పడుతుంది.

పదహారేళ్ల అగ్రస్థానం

ఈ ఆటలో అందరూ గౌరవించే పేరు ఫెర్నాండో బెలాస్తెగిన్. 1979లో అర్జెంటీనాలోని పెవాహో అనే చిన్న పట్టణంలో జన్మించారు. 2002 నుండి వరుసగా 16 ఏళ్లు ప్రపంచ అగ్రస్థానంలో నిలిచారు. అందులో 13 ఏళ్లు హువాన్ మార్టిన్ దియాస్ అనే ఒకే సహచరునితో ఆడారు. ఓడినప్పుడల్లా జోడీని మార్చుకునేవారికి ఇంతటి సహజీవనం సాధ్యం కాదు.

మాకు ఇంకా నచ్చిన విషయం ఆయన చివరి దశ. వయసు నలభై దాటాక తనకన్నా ఎంతో చిన్నవారిని జోడీగా స్వీకరించారు. వారిలో అగుస్తిన్ తాపియా ఒకరు. మరొకరు అర్తురో కోయెయో. ఆయన బెలాస్తెగిన్ కన్నా 23 ఏళ్లు చిన్న. ఆ యువకులిద్దరూ 2023లో ఒక జోడీగా కలిసి, అదే ఏడాది వరుసగా 47 మ్యాచ్‌లు గెలిచి అగ్రస్థానానికి చేరారు. బెలాస్తెగిన్ 2024లో, 45వ ఏట ఆట నుండి విరమించుకున్నారు.

జోడీ పట్ల మర్యాద

ప్యాడెల్‌లో ఒంటరి గెలుపు లేదు. ఇద్దరూ కలిసి నెట్ వద్దకు సాగాలి, కలిసే వెనక్కి తగ్గాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక ఉండిపోతే మధ్యలో ఏర్పడే ఖాళీలోకి ప్రత్యర్థి బంతి పంపుతాడు. మందలింపు కూడా అటువంటి ఖాళీనే సృష్టిస్తుంది. తిట్టు తిన్న సహచరుడు మరుసటి బంతిని స్వేచ్ఛగా కొట్టలేడు; తప్పు చేయకూడదన్న భయంతో మరో తప్పు చేస్తాడు. తండ్రి స్వరంలో వచ్చిన తిట్టు ఇంకా లోతుగా దిగుతుంది. ఆ అబ్బాయి మాతో అన్న మాట ఇది: "ఓడిపోయినందుకు నాకు బాధ లేదు హజ్రత్! బంతి నా వైపు వస్తుంటే అబ్బా ముఖం గుర్తుకొస్తోంది."

ఆ మాటను మేము తండ్రికి యథాతథంగా చేరవేశాము. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత రెండు సలహాలిచ్చాము. ఒకటి, నెల రోజులపాటు కుమారుని తప్పుల గురించి కోర్టులో గానీ, ఇంటి దారిలో గానీ ఒక్క మాటా అనకూడదు. రెండు, గోడ దగ్గర చేత్తో బంతి పట్టే అభ్యాసం ముందు తానే చేయాలి. బంతులు కుమారుడు విసరాలి. అబ్బాయికి కూడా చెప్పాము: పగలంతా పని చేసి అలసి వచ్చే తండ్రి నీతో ఆడటానికి వస్తున్నది గెలుపు కోసం మాత్రమే కాదు, ఆ సంగతి చెప్పడం ఆయనకు రావడం లేదు; వెళ్లి ముందుగా నీవే సలాం చెయ్యి.

మూడో వారంలో అబ్బాయి ఫోను చేశాడు. ఇంకా ఓడిపోతూనే ఉన్నారట. తండ్రి రెండుసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారట. చేత్తో బంతి పట్టడంలో మాత్రం యాభైలో ఏడు నుండి ఇరవై రెండుకు చేరారని, ఆ లెక్క తానే ఒక పుస్తకంలో రాస్తున్నానని ఉత్సాహంగా చెప్పాడు. "అబ్బా ఇప్పుడు ఆగడం నేర్చుకుంటున్నారు, హజ్రత్!" అన్నాడు.