వాకర్ అను ఇంటిపేరు

ఆంగ్లేయులలో వాకర్ అను ఇంటిపేరు గలవారు వేలకొలది కలరు. ఆంగ్లమున వాక్ అనగా నడచుట. కావున వీరి పూర్వులు గొప్ప బాటసారులై యుందురని కొందఱు తలంతురు. వారు కాళ్ళతో పనిచేసిన మాట నిజమే. కాని ఆ కాళ్ళు మోపినది బాటపై కాదు, తొట్టెలోని గుడ్డపై.

ఉన్నివస్త్రము మగ్గమునుండి దిగినంతనే కట్టుకొనుటకు పనికిరాదు. పోగులు వదులుగా నుండును, జిడ్డు విడువదు. అందుచేత పూర్వము దానిని తొట్టెలో వేసి, నీటితోపాటు పులిసిన మూత్రమును పోసి, మనుష్యులు అందు దిగి గంటలకొలది త్రొక్కెడివారు. మూత్రము పులియగా పుట్టు అమ్మోనియా జిడ్డును కరగించును. ఒక జాతి మెత్తని మన్ను మిగిలిన నూనెను పీల్చుకొనును. మన అంగళ్ళలో ముల్తానీమట్టి యను పేర అమ్ముడుపోవునది ఇట్టి మన్నే. త్రొక్కగా త్రొక్కగా పోగులు పెనవేసికొని, వస్త్రము ముడుచుకొని, చలిగాలి చొరనంత దట్టమగును. ఆ దుర్గంధములో, ఆ చలిదేశమున, తడికాళ్ళతో నిలిచి పనిచేసినవారి కష్టము సామాన్యమైనది కాదు.

ప్రాచీనాంగ్లమున వాక్ అను క్రియకు మూలమైన పదమునకు దొర్లించుట, అటునిటు త్రిప్పుట యని అర్థము. నడచుట యను అర్థము పిమ్మట వచ్చినది. అనగా వృత్తినామమే నేటి అర్థముకంటె పాతది.

ఈ పనివానిని దేశమంతట ఒకే పేరుతో పిలువలేదు. ఉత్తరమున వాకర్, ఆగ్నేయమున, లాటిను పదమునుండి వచ్చిన ఫుల్లర్, నైరృతిమూలనున్న డెవన్ మొదలగు సీమలలో టక్కర్. ఈ మూడవదానికి మూలమైన క్రియకు బాధించుట యని అర్థము. గుడ్డ పడు పాట్లు చూచినవారెవరో పెట్టిన పేరు కాబోలు! ఎక్సెటర్ నగరమున ఈ వృత్తిసంఘమువారు 1471లో కట్టుకొన్న మందిరము టక్కర్ల శాల యను పేర నేటికిని నిలిచియున్నది.

ఇంతలో నీటిచక్రముతో కొయ్యసుత్తులను ఎత్తి గుడ్డపై పడవేయు మరలు వచ్చినవి. 1185 నాటి టెంప్లరుల భూముల లెక్కలలోనే అట్టివి కానవచ్చుచున్నవి. పట్టణములలో కాళ్ళతో త్రొక్కువారికి ఇది జీవనసమస్య యయ్యెను. 1298లో లండనున, ఇతరుల వస్త్రములను నగరము వెలుపలి మరలకు కొనిపోరాదని కట్టడి చేసిరి. ఐనను మరలు వ్యాపించుచునే యుండెను. త్రొక్కువారి పని క్రమముగా సన్నగిల్లెను.

పేరు మాత్రము పోలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించునాటికి అక్కడ సామాన్యులకు వంశపరంపరగా వచ్చు ఇంటిపేర్లు లేవు. ఒకే పేరుగలవారు ఒక్క యూరిలో పలువురున్నచో, గుర్తింపునకై వృత్తిని చేర్చి పిలిచెడివారు. పదునాలుగవ శతాబ్దమున ఆ చేర్పు పెక్కు కుటుంబములలో తండ్రినుండి కొడుకునకు సంక్రమింపజొచ్చెను. 1379లో తలపన్ను కొఱకు యార్కుషైరున వ్రాసిన పట్టీలలో పలువురి పేరును వృత్తియు కలసి కనబడును. అందు కొందఱి ఇంటిపేరు ఒక వృత్తిని తెలుపుచుండగా, వారు చేయుచుండినది మఱియొక వృత్తి.