ఇవానిసెవిచ్ గెలిచాడు, బుకీలు ఓడారా?

వింబుల్డన్ టెన్నిస్ పోటీలు 2001 జూన్ నెలాఖరులో ప్రారంభం కాబోతుండగా బ్రిటన్‌లోని పందేల దుకాణాలు పురుషుల సింగిల్స్‌కు ధరలు ప్రకటించాయి. క్రొయేషియా ఆటగాడు గోరాన్ ఇవానిసెవిచ్ పేరు పక్కన కనిపించిన ధర ఒకటికి నూట యాభై. అతడిపై ఒక పౌండు ఒడ్డినవారికి, అతడు టైటిల్ సాధిస్తే నూట యాభై పౌండ్లతోపాటు ఒడ్డిన పౌండు కూడా తిరిగి వస్తుంది. జూలై 9, సోమవారంనాడు సెంటర్ కోర్టులో ఇవానిసెవిచ్ కప్పు అందుకున్నాడు. వైల్డ్ కార్డుతో ప్రవేశించి వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన తొలి ఆటగాడతడు.

బుకీల లెక్కలన్నీ తలకిందులయ్యాయని ఆనాడు అందరూ అన్నారు. ఈ కథ చెప్పుకునేవారు ఇప్పటికీ ఆ మాటే అంటారు. కానీ పందేల వ్యాపారం నడిచే తీరు గమనిస్తే, ఆ రెండు వారాల్లో బుకీలు నష్టపోయారని చెప్పడానికి పెద్దగా ఆధారం కనిపించదు.

వెటకారంగా మిగిలిన వీరుడు

ఇవానిసెవిచ్ అనామకుడు కాడు. 1994లో ప్రపంచ ర్యాంకింగుల్లో రెండో స్థానం దాకా ఎదిగినవాడు. వింబుల్డన్ ఫైనల్లో మూడుసార్లు ఓడినవాడు. 1992లో అగస్సీ, 1994లోను, 1998లోను సంప్రాస్ అతడికి అడ్డుపడ్డారు. ఎడమచేతి వాటంతో అతడు చేసే సర్వీసు ఎదురుగా ఉన్నవాడికి కనిపించేలోపే దాటిపోయేది. అయితే అతడి సహనం కూడా అంతే వేగంగా దాటిపోయేదని టెన్నిస్ ప్రపంచం నవ్వుకునేది.

భారతీయ ప్రేక్షకులకూ అతడు పరిచితుడే. 1995 సెప్టెంబరులో న్యూఢిల్లీలో జరిగిన డేవిస్ కప్ పోటీలో, పచ్చిక కోర్టుపై తొలి రెండు సెట్లు గెలిచి కూడా లియాండర్ పేస్ చేతిలో ఓటమి పాలయ్యాడు. అప్పటికి అతడు ప్రపంచంలో తొలి పది మందిలో ఒకడు. పేస్ ర్యాంకు ఎక్కడో అట్టడుగున ఉండేది. ఆ రోజు ఎవరైనా పేస్‌పై పందెం కాసి ఉంటే వారికి దక్కిన ధర కూడా చిన్నదై ఉండదు.

2001 నాటికి భుజం గాయం అతడిని కుంగదీసింది. అంతకు ముందు ఏడాది వింబుల్డన్‌లో తొలి రౌండులోనే వెనుదిరిగాడు. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆడుతూ కోపంలో ఉన్న రాకెట్లన్నీ విరగ్గొట్టుకుని, ఆడటానికి మరో రాకెట్ లేక మ్యాచ్ వదులుకోవలసి వచ్చింది. ర్యాంకు 125కు జారడంతో ప్రధాన డ్రాలో నేరుగా చోటు దక్కలేదు. పాత సేవలను తలచుకుని నిర్వాహకులు వైల్డ్ కార్డు ఇచ్చారు. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది దాటి ముప్ఫైకి దగ్గర పడుతోంది. బుద్ధిగా లెక్క వేసేవారెవరూ అతడిపై డబ్బు పెట్టరన్నది నిర్వివాదం.

ధర వెనుక ఉన్నదేమిటి?

ఒకటికి నూట యాభై అన్న ధరను అవకాశంగా మారిస్తే 151లో ఒకటి, అంటే నూటికి 0.66 వంతు వస్తుంది. బుకీ ఉద్దేశంలో ఇవానిసెవిచ్ గెలిచే అవకాశం అంతే అనుకుంటే పొరపాటు. ధర అనేది జోస్యం కాదు, అమ్మకపు ధర. దుకాణదారుడి లాభం అందులోనే కలిసి ఉంటుంది.

సరిసమానులైన ఇద్దరు ఆడే మ్యాచ్‌నే తీసుకుందాం. న్యాయంగా అయితే ఇద్దరిపైనా ఒకటికి ఒకటి ధర ఉండాలి. బుకీ మాత్రం పదకొండు ఒడ్డితే పది లాభం అంటాడు. ఇరువైపులా ఒక్కొక్కరు పదకొండు పౌండ్లు కాస్తే అతడి చేతికి ఇరవై రెండు వస్తాయి. గెలిచినవాడికి పందెం సొమ్ముతో కలిపి ఇరవై ఒకటి చెల్లిస్తాడు. మ్యాచ్ ఎవరు గెలిచినా ఒక పౌండు గల్లాపెట్టెలోనే ఉంటుంది. 128 మంది బరిలో దిగే టోర్నమెంటులో ఈ కోత ఒక్కొక్క పేరు పైనా కొంచెం కొంచెంగా పడుతుంది. పేరున్నవాడి ధరలో మరీ కోత పెడితే కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు. ఎవరికీ పట్టని ఆటగాడి ధర న్యాయమైనదా కాదా అని పోల్చిచూసేవారు అరుదు. అందువల్ల పెద్ద కోత అక్కడే పడుతుంది.

చిన్న మొత్తం పెట్టి పెద్ద మొత్తం ఆశించేవారు గెలుపు అవకాశం లేనివారిపై అవసరానికి మించి ఒడ్డుతారని అమెరికాలో గ్రిఫిత్ అనే మనస్తత్వ పరిశోధకుడు గుర్రప్పందేల లెక్కలు తీసి 1949లోనే చూపించాడు. తర్వాత వచ్చిన ఆర్థికవేత్తలు పలు దేశాల్లో ఇదే ధోరణిని గుర్తించారు. నూటికొకడికి తగిలే పందేన్ని జనం లాటరీ టిక్కెట్టులా చూస్తారన్నమాట.

హెన్‌మన్‌పై దేశభక్తి డబ్బు

ఇక ఆ రెండు వారాలు ఇవానిసెవిచ్ నడిచిన దారి సులభమైనది కాదు. మాజీ ఫ్రెంచ్ ఓపెన్ విజేత మోయా, అప్పటికి పద్దెనిమిదేళ్ల రాడిక్, బ్రిటన్ ఆటగాడు రుసెడ్‌స్కీ, అంతకు ముందు ఏడాది అమెరికన్ ఓపెన్ గెలిచిన సఫిన్ ఒకరి తర్వాత ఒకరు ఓడారు. డ్రాలో అదే సగంలో ఉన్న సంప్రాస్‌ను ఫెదరర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు నాలుగో రౌండులో ఇంటికి పంపాడు. ఫెదరర్‌ను హెన్‌మన్ ఓడించాడు.

సెమీఫైనల్లో ఎదురైన ఈ హెన్‌మనే బుకీల లెక్కలో అసలు కీలకం. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత బ్రిటన్ పురుషుడెవరూ వింబుల్డన్ గెలవలేదు. ఏటా జూన్ వచ్చేసరికి బ్రిటన్ ప్రజలు బుద్ధితో కాక హృదయంతో హెన్‌మన్‌పై పందేలు కాసేవారు. అతడు గెలిస్తే దుకాణాలు లక్షలాది చిన్న చీటీలకు చెల్లింపులు జరపవలసి వచ్చేది. ఇవానిసెవిచ్ గెలిస్తే చెల్లించవలసిన చీటీలు బహు కొద్ది.

వర్షం కారణంగా శుక్రవారం మొదలైన ఆ మ్యాచ్ ఆదివారం గాని ముగియలేదు. మూడో సెట్‌ను 6-0తో చేజిక్కించుకున్న హెన్‌మన్ జోరు మీద ఉండగా వాన కురిసింది. మర్నాడు నాలుగో సెట్ టైబ్రేకర్‌లో అతడు విజయానికి రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయాడు. చివరకు 7-5, 6-7, 0-6, 7-6, 6-3తో ఇవానిసెవిచ్ ఫైనల్ చేరాడు. ఆ రోజు హెన్‌మన్ అభిమానులు కార్చిన కన్నీరు బుకీల కళ్లలో కనిపించి ఉండదు.

ఫైనల్ సోమవారానికి వాయిదా పడటంతో టిక్కెట్లు సామాన్య ప్రేక్షకులకు లభించాయి. ఆస్ట్రేలియా, క్రొయేషియా జెండాలతో సెంటర్ కోర్టు ఫుట్‌బాల్ మైదానంలా మారింది. ప్యాట్ రఫ్టర్‌తో అయిదో సెట్‌లో 8-7 ఆధిక్యంతో సర్వీసు చేస్తూ ఇవానిసెవిచ్ గెలుపు పాయింటు వద్ద రెండుసార్లు డబుల్ ఫాల్ట్ చేశాడు. మూడో అవకాశాన్ని రఫ్టర్ లాబ్ షాట్‌తో కొట్టేశాడు. నాలుగోసారి రఫ్టర్ రిటర్ను నెట్‌కు తగిలింది. 6-3, 3-6, 6-3, 2-6, 9-7. ఆ టోర్నమెంటు మొత్తంలో ఇవానిసెవిచ్ కొట్టిన ఏస్‌లు 213. అందిన బహుమతి అయిదు లక్షల పౌండ్లు. ఈ విజయాన్ని 1993లో రోడ్డు ప్రమాదంలో మరణించిన మిత్రుడు, బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు డ్రాజెన్ పెట్రోవిచ్‌కు అంకితమిచ్చాడు.

చీటీకి ఉన్న విలువ

ఒకటికి నూట యాభై ధరకు చీటీ కొన్నవారి చేతికి ఎంత వచ్చింది? అప్పటికి బ్రిటన్‌లో పందేలపై పన్ను భారాన్ని దుకాణాలు నూటికి తొమ్మిది చొప్పున పందెగాళ్ల నుంచి రాబట్టేవి. పందెం కాసేటప్పుడే తొమ్మిది పెన్నీలు కట్టినవారికి ఇబ్బంది లేదు. అక్కరలేదనుకుని ముందుగా కట్టనివారికి 151 పౌండ్లలో 13 పౌండ్ల 59 పెన్నీలు కోత పడేది. ఓడిపోతానని అనుకునేవాడే ముందుగా పన్ను కట్టడు కనుక, నవ్వుతూ ఒక పౌండు విసిరినవారిలో చాలామందికి ఈ కోత తప్పి ఉండదు. ఈ పన్ను విధానం అదే ఏడాది అక్టోబరులో రద్దు కావడం విశేషం.

అంతకు మించిన విశేషం మరొకటుంది. లైసెన్సు పొందిన పందేల దుకాణాలు బ్రిటన్‌లో 1961 మే నుంచే ఉన్నా, పందెం సొమ్ము కోసం కోర్టుకు వెళ్లే హక్కు 2001లో గెలిచినవారికి లేదు. 1845 నాటి చట్టం ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. 2005లో చేసిన జూద చట్టం కింద 2007 సెప్టెంబరు నుంచి మాత్రమే ఆ హక్కు లభించింది. ఇవానిసెవిచ్ చీటీలకు చెల్లింపులు జరిగింది దుకాణాల పరువు కోసం, లైసెన్సు కోసం.

మన దేశంలో నేటికీ అదే పరిస్థితి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము ఇవ్వకపోతే దావా వేసే వీలు లేదు. గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినందువల్ల హైదరాబాద్‌లోని మలక్‌పేట వంటి రేసుకోర్సుల్లో బెట్టింగు చట్టబద్ధంగానే సాగుతోంది. టెన్నిస్, క్రికెట్ వంటి ఆటలపై పందేలకు ఆ రక్షణ లేదు. అక్రమ బుకీ వద్ద ఒకటికి నూట యాభై ధర దొరికినా, అది అతడి నోటిమాట మాత్రమే. అంత సొమ్ము చెల్లించవలసి వచ్చిన రోజున అతడి ఫోను మోగకపోతే అడిగే దిక్కు ఉండదు.

ఆన్‌లైన్ పందేలను తెలంగాణ ప్రభుత్వం 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోను నిషేధించాయి. సరిహద్దుల్లేని మొబైల్ యాప్‌లను రాష్ట్రాల చట్టాలు కట్టడి చేయలేకపోవడంతో, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశవ్యాప్తంగా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడినవారికి శిక్ష లేదు. ఈ ఆటల్లో ఏటా దాదాపు 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నట్లు ఆ సందర్భంగా ప్రభుత్వ వర్గాలు అంచనా వేశాయి.

ఇవానిసెవిచ్ మరుసటి ఏడాది గాయం కారణంగా టైటిల్ నిలబెట్టుకోవడానికి రాలేకపోయాడు. 2004లో తిరిగి వచ్చి మూడో రౌండులో హ్యూయిట్ చేతిలో ఓడి ఆటకు స్వస్తి చెప్పాడు. ఆ తర్వాత జొకోవిచ్‌కు శిక్షకుడయ్యాడు. వింబుల్డన్ నిర్వాహకులు ఏటా వైల్డ్ కార్డులు ఇస్తూనే ఉన్నారు. వాటితో పురుషుల సింగిల్స్‌లో దిగినవారిపై బ్రిటన్ దుకాణాల్లో పందేలూ పడుతూనే ఉన్నాయి. 2001 తర్వాత 2025 పోటీల వరకు వారిలో ఒక్కరు కూడా ఆ కప్పు ఎత్తలేదు.