లాటరీ తగిలిందా? ట్యాక్స్ ముందే కట్టమంటే అది లాటరీయే కాదు!

పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఒక వాట్సాప్ మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. 'కేరళ లాటరీలో మీకు 25 లక్షలు తగిలింది. ట్యాక్స్ కింద 18 వేలు కట్టండి' అని ఉంది. పైన రాజముద్ర, పక్కన ఎవరో ఆఫీసరు ఫొటో. వెంటనే వాయిస్ నోట్: "అన్నా, ఇది కడితే లెక్కంతా అకౌంట్లో పడ్తాదంట. నిజమేనా?"

వాడు అసలు టికెట్టే కొనలేదు! కానీ శెనక్కాయ ఎండిపోయింది, బోరు అప్పు అట్లే ఉంది. అలాంటప్పుడు ఎవరికైనా ఆశ పుడుతుంది. మా కదిరి వైపు నుంచి కేరళకు పనులకు పోయేవాళ్లు చాలామందే. అందుకే ఈ వలకు 'కేరళ' పేరు పెడతారు.

వాడికి నేను చెప్పింది ఒక్కటే. నిజమైన లాటరీలో ట్యాక్స్ ముందు మనం కట్టం. వాళ్లే కోసుకుని మిగతాది ఇస్తారు.

కోటి తగిలితే చేతికెంత?

మన ఏపీలో లాటరీ టికెట్ల అమ్మకం లేదు. పక్కనున్న కర్ణాటక, తమిళనాడులోనూ లేదు. కేరళలో మాత్రం ప్రభుత్వమే నడుపుతుంది. మొదటి డ్రా 1968 జనవరి 26న జరిగింది. అక్కడికి వెళ్లి కొన్నవాళ్లు ఏ రాష్ట్రంవాళ్లయినా బహుమతి తీసుకోవచ్చు. 2024 ఓణం బంపర్ 25 కోట్లు కర్ణాటకకు చెందిన ఒక మెకానిక్‌కు తగిలింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. బహుమతి కోటి అనుకోండి. ఏజెంటు కమీషన్ పది శాతం అనుకుంటే, 10 లక్షలు పోతుంది. మిగిలిన 90 లక్షల మీద 30 శాతం టీడీఎస్, అంటే 27 లక్షలు. ఉన్నది 63 లక్షలు. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి ట్యాక్స్ మీద 10 శాతం సర్‌ఛార్జీ, ఆపైన 4 శాతం సెస్. అవి రిటర్న్ వేసేటప్పుడు మనమే కట్టాలి. చివరికి మిగిలేది దాదాపు 59 లక్షలు.

'12 లక్షల దాకా ట్యాక్స్ లేదు కదా' అనొద్దు. ఆ రిబేటు లాటరీ డబ్బుకు వర్తించదు. తగలని టికెట్ల ఖర్చూ తీసేసుకోవడానికి లేదు.

క్లెయిమ్ ఎలా?

కేరళలో 5 వేల లోపు బహుమతి లాటరీ షాపులోనే ఇస్తారు. లక్ష దాకా జిల్లా లాటరీ ఆఫీసులో. అంతకు మించితే తిరువనంతపురంలోని లాటరీ డైరెక్టరేట్‌కు గానీ, బ్యాంకు ద్వారా గానీ టికెట్ ఇవ్వాలి. గడువు 30 రోజులు. ఒరిజినల్ టికెట్ వెనక పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టాలి. ఫొటోలు, పాన్, ఆధార్ కావాలి. బయటి రాష్ట్రంవాళ్లు నోటరీ సంతకం కూడా పెట్టించుకోవాలి.

కాగితం టికెట్ లేకపోతే బహుమతీ లేదు. కేరళ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మదు. 'యాప్‌లో కొనండి' అన్నా, 'మీ నంబరుకు తగిలింది' అన్నా నమ్మొద్దు. తగిలిన టికెట్ ఫొటో స్టేటస్‌లో పెట్టి హడావుడి చేయొద్దు కూడా. 2022లో 25 కోట్లు గెలిచిన ఆటో డ్రైవరు, సాయం అడిగేవాళ్ల తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నానని వాపోయాడు.

గల్ఫ్‌లో అయితే?

2025 అక్టోబరులో అబుదాబిలో ఉండే ఒక తెలుగు కుర్రాడికి యూఏఈ లాటరీలో 10 కోట్ల దిర్హమ్‌లు తగిలాయి. మన డబ్బుల్లో దాదాపు 240 కోట్లు. అక్కడ వ్యక్తుల ఆదాయం మీద ట్యాక్సే లేదు. కాబట్టి దుబాయ్ లాటరీ పేరు చెప్పి 'ట్యాక్స్ కట్టు' అన్నవాడు ఇంకా పెద్ద మోసగాడు.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో ఆ నంబరు ఈరోజే సేవ్ చేసి పెట్టండి.